గాలిబావి చదువు

మీరేం చూశారో ముందు చెప్పండి. నల్లగుట్ట అంచు మీంచి ఐలయ్య దూకిన పొద్దున మీరంతా అక్కడే ఉన్నారు. కుందేళ్ళు పొదల్లోంచి తలలు బయట పెట్టాయి, నెమళ్ళు బండలెక్కాయి, కోతులు కొమ్మకు పదేసి వేలాడాయి. ఎవర్ని కదిపినా ఒకటే మాట: "అబ్బ, ఎంత బాగా తేలాడో!" తేలడం చూశారు, సరే. ఇంకేం చూశారు? మల్లవ్వ ఏం చూసిందో వినండి.

మల్లవ్వ ఆ ఐలయ్యకు అక్క. రొమ్ముకు పసికూన కరుచుకుని ఉన్న కోతి. ఆ ఏడాది మనుషులు బొగ్గు కోసం నల్లగుట్టను మూడు వైపులా తవ్వేశారు. రోజుకు రెండుసార్లు మందు పేల్చేవాళ్ళు. పేలినప్పుడల్లా పసికూన పాలు వదిలేసి తల్లి చర్మంలో గోళ్ళు దించేది. మిగిలిన నాలుగో వైపు చెట్లకు ఎర్రరంగు గీతలు పడ్డాయి. గీత పడ్డ చెట్టు నెల తిరిగేసరికి ఉండదని గుట్ట మీద చీమకు కూడా తెలుసు. గొయ్యికి అవతల అడవి పచ్చగా కనిపిస్తూనే ఉంది. కానీ మధ్యలో లారీలు, వాటి వెనక కుక్కలు. నడిచి దాటుదామని దిగినవాళ్ళు ఒక్కరూ చేరలేదు.

దాటే ఉపాయం కనిపెట్టింది కొమురెల్లి తాత. ముసలి కొండముచ్చు. యూరియా బస్తాలు కోసి కలిపి కుట్టాలి, మూలలకు తీగలు కట్టి భుజాలకు బిగించుకోవాలి, మడిచి పొట్ట మీద, లాగితే ఊడే తీగతో కట్టుకోవాలి. తూర్పుగాలి గట్టిగా వీచే పొద్దున గుట్ట అంచు మీంచి దూకాలి. దూకగానే విప్పితే బస్తా బండలకు చిక్కుకుంటుంది. అందుకని కాళ్ళూ చేతులూ చాపి, బోర్లా, బండలు దాటేదాకా ఉత్తగా పడాలి. దాటాక పొట్ట మీది తీగ లాగాలి. బస్తా విచ్చుకుంటే గాలే అవతలి ఒడ్డుకు తోసేస్తుంది. తాత అలాగే దాటాడు. తనవాళ్ళకు నేర్పాలని, అప్పటికింకా మిగిలి ఉన్న చుట్టుదారిన నెలరోజులు నడిచి వెనక్కి వచ్చాడు. ఆ దారిలో కుక్కలకు సగం తోక ఇచ్చుకున్నాడు. ఇప్పుడా దారీ గొయ్యిలో కలిసిపోయింది.

ఉత్తగా పడడం నేర్చుకోవడానికి చోటు కూడా తాతే చూపించాడు. గుట్ట వాలున గని గాలిబావి ఉంది. లోపలి గాలిని పైకి తోసే ఫ్యాను ఒక్క క్షణం ఆగదు. బావి మూతికి ఇనుప జాలీ. దాని మీద బోర్లా పడుకుని ఒళ్ళు చాపితే చాలు, గాలి నిలువెత్తు పైకి లేపుతుంది. మోకాలు కాస్త ముడిస్తే ముందుకు, చెయ్యి కాస్త వంచితే పక్కకు. పది రోజుల్లో ఒంట్లో వణుకు పోతుంది.

ఆ బావి దగ్గర నక్క ఓదెలు కూర్చున్నాడు. "వరుస తప్పొద్దు, ఒకళ్ళ మీద ఒకళ్ళు పడొద్దు" అని మొదలుపెట్టి వారం తిరక్కముందే గురువైపోయాడు. రుసుము మనిషికో సీతాఫలం, కాదు, కోతికో సీతాఫలం. మాట మాత్రం తియ్యగా ఉండేది.

ఒకరోజు ఐలయ్య గాలిలో ఉండగానే పొట్ట మీది తీగ లాగాడు. బస్తా ఫట్టున విచ్చుకుని వాణ్ణి ఎత్తుకుపోయి ముళ్ళకంచె మీద పారేసింది. వరుసలో ఉన్నవాళ్ళు బెదిరిపోయారు. సగంమంది సీతాఫలాలు చంకన పెట్టుకుని ఇంటిదారి పట్టారు.

"ఏందిరా ఐలీ, నా బడి మూసేయిద్దామనుకున్నవా?" అని ఓదెలు పళ్ళికిలించాడు. "ఇక్కడ బస్తా విప్పొద్దు. ఈ రోజు నుంచి బస్తాలు చెట్టు కిందనే. అసలు చెయ్యి పొట్ట మీదికే పోవద్దు!"

"మరి తాత లాగమన్నడు కదన్నా?"

"తాత గాలిలో కుండ లెక్క దొర్లుకుంట పోయినోడు. ఒళ్ళు నిలబడనోడికి తొందర ఉంటది. నీకేం తొందర? నీ ఒళ్ళు చూడు, వాగు మీద ఆకు లెక్క నిలబడ్డది!"

అప్పట్నుంచీ గాలిలో ఎవరి చెయ్యి పొట్ట వైపు కదిలినా ఓదెలు అరిచేవాడు: "ఏమైంది, కడుపు నొప్పా?" వరుసంతా పగలబడి నవ్వేది. "కడుపు నొప్పి! కడుపు నొప్పి!" అని పిల్లకోతులు తోకలూపుకుంటూ గంతులేసేవి. రెండు రోజుల్లో అందరి చేతులూ కదలడం మానేశాయి. మల్లవ్వ చెయ్యి కూడా.

ఐలయ్య ఆరితేరాడు. గాలిలో పల్టీ కొట్టేవాడు, వెల్లకిలా పడుకుని చెవి గోక్కునేవాడు. ఓదెలు వాడి తోకకు మోదుగుపూవు కట్టి, "నీ చదువు అయిపోయిందిరా, పో, దూకు" అన్నాడు. ఆ పూవుతోనే ఐలయ్య తాత ముందుకు వచ్చాడు. వెనకే మల్లవ్వ.

తాత పూవు వైపు చూడనైనా లేదు. "కొమ్మకు కాళ్ళతోని వేలాడు. నేను చిటికె వెయ్యంగనే పొట్ట తీగ లాగు. రోజుకు వంద సార్లు. పది రోజులైనంక దూకుదువు."

"ఇంక పది రోజులా? గీతల చెట్లు సగం కొట్టేసిన్రు తాతా!"

"అందుకే అంటున్న, ఇప్పుడే వేలాడు."

"గాలిబావి మంచిదని నువ్వే అన్నవు కదా?"

"ఇప్పటికీ అంట. అది లేని రోజుల్లో మా వాళ్ళు ఏడుగురు పోయిన్రు. దొర్లుకుంట, తీగ ఎక్కడున్నదో దొరకబట్టలేక పోయిన్రు. బావి ఉంటే బతికెటోళ్ళు. కానీ బిడ్డా, బావిల నేల నీ మీదికి రాదు. ఎంతసేపు చూసినా ఆ జాలీ అక్కడనే ఉంటది. గుట్ట మీంచి దూకితే నేల వస్తది. అది నీ కన్ను నేర్చుకోవాలె, నీ చెయ్యి నేర్చుకోవాలె."

ఐలయ్య నవ్వాడు. "తీగ లాగుడు గూడ ఒక చదువేనా తాతా? సన్నపిల్లకు చెప్పినా లాగుతది. అక్కా, నువ్వన్న చెప్పరాదే."

మల్లవ్వకూ అలాగే అనిపించింది. తీగ లాగడంలో ఏముంది? పైగా గుట్ట కింద రంపం చప్పుడు ఆ పొద్దున మరింత దగ్గరగా వినిపించింది. వద్దని ఒక్క మాట అంటే ఆగేవాడేమో. అనలేదు.

మర్నాడు తూర్పుగాలి లేచింది. ఐలయ్య బస్తా బిగించుకుని దూకాడు. మీరు చూశారుగా? కాళ్ళూ చేతులూ సమానంగా చాచి, తల ఎత్తి, ఒళ్ళు ఇసుమంత కూడా వణక్కుండా పడ్డాడు. గుట్ట మీద కేకలు, చప్పట్లు. బండలు దాటాడు. "లాగు!" అన్నాడు తాత. కింద తుమ్మచెట్లు వాడి కంటికి పిడికిలంత అయ్యాయి, బుట్టంత అయ్యాయి. "లాగురా!" తాత గొంతు చీలింది. మల్లవ్వ తమ్ముడి కుడిచేతినే చూస్తోంది. ఆ చెయ్యి ఒకసారి కదిలింది. పొట్ట వైపు జానెడు వచ్చింది. వచ్చి, తప్పు చేసినట్టు చప్పున వెనక్కి వెళ్ళి మళ్ళీ చాచుకుంది.

మీకు కనపడనిది అదీ.

నేల తాకేదాకా ఐలయ్య ఒళ్ళు చెదరలేదు.

ముందుగా ఓదెలే గొంతు సవరించుకున్నాడు. "పోయినోడు పోయిండు గానీ, ఒళ్ళు ఎట్ల నిలబెట్టిండో చూసిన్రా? చివరిదాకా ఒక్క వంకర లేదు. అది మన బడి. ఆ ముసలోడు కుట్టిన బస్తానే విచ్చుకోలే."

"అవును, బస్తాదే తప్పు" అంది ఒక కోతి. "కుట్లు సరిగ్గ లేకపోవచ్చు" అంది ఇంకొకటి. తాత నోరు తెరిచాడు. కానీ అప్పటికే అందరూ ఆయన తెగిన తోక వంక చూస్తున్నారు. ఆయన కుంటుకుంటూ తన కొమ్మ వైపు నడిచాడు.

మల్లవ్వ ఓదెలుకు అడ్డం వచ్చింది. "బస్తా విచ్చుకోకపోవుడు కాదు. వాడు లాగలే. లాగబోయి ఆగిండు. కడుపు నొప్పంటరని ఆగిండు."

"దుఃఖంల ఉన్నవు చెల్లే, కూసో. రేపు రా, నీకు సీతాఫలం వద్దు తియ్."

"నువ్వెన్నిసార్లు దూకినవు ఓదెలన్నా?"

ఓదెలు చుట్టూ చూసి కన్ను గీటాడు. "నేనే దూకితే మీకు నేర్పెటోడు ఎవడే?"

అందరూ నవ్వారు. తమ్ముడి ఒళ్ళు ఇంకా చల్లారలేదు, వాళ్ళు నవ్వారు! ఆ సాయంత్రం ఓదెలు గొయ్యిలోకి దిగి, ఐలయ్య పడ్డ తుమ్మచెట్ల వైపు పోవడం మల్లవ్వ చూసింది. ఎందుకు పోయాడో ఎవరినీ అడగలేదు.

తెల్లారి ఆమె కొమురెల్లి తాత కొమ్మ దగ్గరికి వెళ్ళి కాళ్ళతో తలకిందులుగా వేలాడింది. తాత చిటికె వేశాడు. ఆమె చెయ్యి కదల్లేదు. మళ్ళీ వేశాడు. కదల్లేదు. బుర్ర లాగమంటోంది, చెయ్యి సిగ్గుపడుతోంది. చుట్టూ ఎవరూ లేరు, అయినా సిగ్గే.

"తాతా, ఇది నా చెయ్యి కాదు."

"నీదే బిడ్డా. దానికి వాడు నేర్పిండు. మనం మరిపియ్యాలె."

మూడో రోజుకు చెయ్యి పొట్ట దాకా వచ్చింది. ఆరో రోజుకు తీగ అందింది. చిటికె వినపడకముందే చెయ్యి పోవడం మొదలయ్యేసరికి పదకొండు రోజులు పట్టింది. అప్పటికి తాత కొమ్మ ఉన్న చెట్టుకు కూడా ఎర్రగీత పడింది.

"నువ్వు గూడ రా తాతా" అంది.

"మొదటిసారి దిగినప్పుడే దెబ్బతిన్నది ఈ కాలు, ఇంకోసారి నేలను తట్టుకోదు. వీళ్ళల్ల ఒక్కరన్న నా దగ్గరికి వస్తరేమో, చూస్త."

మల్లవ్వ పసికూనను రొమ్ముకు కట్టుకుని దూకింది. బండలు దాటాక కిందికి చూసింది. నేల వస్తోంది. నిజంగానే మీదికి వస్తోంది. చెయ్యి తనంతట తనే పోయింది. బస్తా విచ్చుకుంది. అవతలి ఒడ్డున రాళ్ళ మీద పడి మోకాలి చిప్ప పగిలింది, పసికూన గుక్కపెట్టి ఏడ్చింది. ఏడ్చింది కాబట్టి బతికే ఉంది.

ఆ అడవిలో ఆమెను పలకరించడానికి తనవాళ్ళంటూ ఎవరూ లేరు. కుంటుతూ ఒడ్డు అంచుకు వచ్చి వెనక్కి చూసింది. గాలిబావి దగ్గర వరుస మునుపటికంటే పొడుగ్గా ఉంది. చేతిలో సీతాఫలాలు, పక్కన పిల్లలు. గుట్ట అంచున ముగ్గురు నిలబడ్డారు, తోకలకు మోదుగుపూలు. ఒకరి తర్వాత ఒకరు దూకారు. ముగ్గురూ ఎంతో బాగా తేలారు. ముగ్గురి చేతులూ చివరిదాకా చాచే ఉన్నాయి. మల్లవ్వ పసికూన కళ్ళు మూసింది. తన కళ్ళు మూసుకోలేదు.

గాలి మోసేచోట నేర్చిన నేర్పు, నేల మీదికొచ్చేచోట సగం చదువే.

ఇంతకీ ఇవాళ పొద్దున మీ పిల్లల్ని మీరు ఏ వరుసలో నిలబెట్టి వచ్చారు?