ఉయ్యాల గురించి చెప్పినావిడ

ఆదివారం ఉదయం తొమ్మిదీ ఇరవైకి ఏసుదాసు మాస్టారు హాలు కిటికీలకు నల్లగుడ్డలు కట్టిస్తున్నారు. స్టూలు ఎక్కి కడుతున్నది మేదిని. ఆయన కింద నిలబడి, గుడ్డ పక్కనుంచి వెలుతురు ఎక్కడ కారుతోందో చేతికర్రతో చూపిస్తున్నారు.

నరసాపురంలో ఆ హాలు ఒకప్పుడు టైపు ఇన్‌స్టిట్యూట్. మూతపడ్డాక దాని యజమాని తాళంచెవి మాస్టారి చేతిలో పెట్టి ఊరు విడిచి వెళ్లాడు. నెలకొక ఆదివారం మాస్టారు అక్కడ ఒక సినిమా వేస్తారు, లేదా ఒక పుస్తకం లోంచి కొన్ని పేజీలు చదివి వినిపిస్తారు. వచ్చేది ఐదారుగురు. అందరూ ముందు వరసలోనే కూర్చుంటారు, ఎందుకంటే వెనకంతా పాత బల్లలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి. అక్కడ మనిషి దూరే సందు లేదు.

ఆ సమావేశానికి ఒక పద్ధతి ఉంది. సినిమా అయిపోయాక లైటు వెయ్యరు. ఆ చీకట్లోనే ఒక్కొక్కరూ తమ అభిప్రాయం చెప్పాలి. లైటు వెలిగాక ఎవరేమన్నారన్న మాట ఎవరూ ఎత్తకూడదు. మాస్టారు హైస్కూల్లో తెలుగు చెప్పిన మనిషి. పద్యం చదివి ఎలా ఉందిరా అని అడిగితే పిల్లలు పుస్తకం వంక చూడకుండా తన మొహం వంక చూసేవారని, పెద్దవాళ్లూ ఏమీ తీసిపోరని ఆయన అనుభవం. చూడటానికి మొహమే లేకపోతే ఏమంటారో వినాలనిపించి ఈ పద్ధతి పెట్టారు. గొంతుని బట్టి మనిషి తెలిసిపోడా అని మందుల షాపు సోమలింగం మొదట్లోనే అడిగాడు. మాస్టారు దానికి జవాబు చెప్పలేదు. ఆయన చాలావాటికి చెప్పరు.

మేదిని ఆ రోజు ఒక ప్రశ్నతో వచ్చింది. ఆమె బీఈడీ చదువుతోంది. రెండేళ్లుగా జిల్లా వారపత్రికలో తనకు నచ్చిన పుస్తకాల గురించీ సినిమాల గురించీ వారం వారం రాస్తోంది. ఇంట్లో ఏ కూర వండాలన్న విషయంలో కూడా ఆమె మాట ఎవరికీ పట్టదు కానీ, ఆ అరపేజీ వ్యాసం విషయంలో మాత్రం పట్టేది. వాళ్ల నాన్న దాన్ని కత్తిరించి దాచేవాడు. ఎదురింటివాళ్లు ఏ సినిమాకి వెళ్లమంటావని అడిగేవాళ్లు. కిందటి నెల ఒక పెళ్లిలో, భోజనాల దగ్గర, పిన్ని కొడుకు అందరూ వినేలా, అక్క వ్యాసం చదువుతుంటే ఏసుదాసు మాస్టారు చీర కట్టుకుని వచ్చినట్టుంటుందని అన్నాడు. బంతి బంతంతా నవ్వింది. మేదిని కూడా నవ్వింది.

ఇంటికొచ్చాక నవ్వు ఆగిపోయింది. తాను మెచ్చుకున్న పుస్తకాలన్నీ తీసి చూసుకుంది. ఒక్కొక్కటీ మాస్టారు ఎప్పుడో ఒకసారి బాగుందన్నదే. పోనీ అని ఆయనకు నచ్చనివాటిని ఇష్టపడటానికి ప్రయత్నించింది. అప్పుడూ ముందు ఆయన ఏమనుకుంటారో చూసుకునే ఎంచుకోవాల్సి వచ్చింది. అసలు తనకంటూ నచ్చేది ఏదైనా ఉందా అని వెతికితే, చిన్నప్పుడు చవితి పందిట్లో చూసి ఏడ్చిన ఒక సినిమా తప్ప ఏదీ తట్టలేదు. దాని పేరు కూడా గుర్తు లేదు.

స్టూలు మీద నిలబడే అడిగింది. “మాస్టారూ, నాకు నచ్చింది నాకే నచ్చిందని ఎలా తెలుస్తుంది?”

మాస్టారు తలెత్తి చూశారు. జవాబు దొరికేదాకా వ్యాసం రాయనని, ఈ వారానిది కూడా పంపడం లేదని, దొరక్కపోతే పూర్తిగా మానేస్తానని ఆమె చెప్పింది. ఆ అరపేజీ పోతే తన దగ్గర మిగిలేది ఏమిటో ఆమెకు తెలుసు.

“ఆ మూల ఇంకా కారుతోందమ్మా” అన్నారాయన, కర్ర పైకెత్తి.

పది గంటలకు సినిమా మొదలైంది. నలుపు తెలుపుల్లో తీసిన పాత సినిమా. ఒక పెద్ద ఇల్లు, అందులో ఒక కోడలు, తిరిగిరాని భర్త. కథ అంతకు మించి లేదు. కానీ దాని చివరి దృశ్యం గురించి చూడనివాళ్లకు కూడా తెలుసు. ఇంట్లో ఎవరూ ఉండరు. ఖాళీ ఉయ్యాల బల్ల ఒకటే తనంతట తాను ఊగుతూ ఉంటుంది. చాలాసేపు ఊగుతుంది. దాని గురించి రాయనివాళ్లు లేరు, మాట్లాడనివాళ్లు లేరు.

రాయనని చెప్పినా అలవాటు ఊరుకోదు. సినిమా సగంలో ఉండగానే మేదిని ఆ ఉయ్యాల గురించి రెండు వాక్యాలు మనసులో కూర్చుకుంది. ఒకసారి అటూ ఇటూ మార్చి చూసుకుంది. బాగా కుదిరాయి. తెర మీద ఉయ్యాల వచ్చే సమయానికి ఆమె వాక్యాలు సిద్ధంగా ఉన్నాయి, ఉయ్యాలే ఆలస్యంగా వచ్చింది.

సినిమా అయిపోయింది. ప్రొజెక్టరు ఆగింది. చీకటి ఎంత చిక్కగా ఉందంటే, పక్కన కూర్చున్న సోమలింగం చొక్కా కూడా కనిపించలేదు. ఎవరో పాటలు లేకపోవడం బాగుందన్నారు. ఇంకెవరో అత్తగారి వేషం వేసినామెకు ఎక్కువ మార్కులు వేశారు. సోమలింగం కాబోలు, నిడివి తగ్గిస్తే ఇంకా బాగుండేదన్నాడు. ఆయన ప్రతి సినిమాకీ అదే అంటాడు. చివరికి మేదిని వంతు వచ్చింది. ఆమె గొంతు సవరించుకోబోయింది.

అప్పుడు వెనక నుంచి, బల్లలు పేర్చి ఉన్న చోటి నుంచి, ఎవరో గొంతు సవరించుకున్నారు.

“ఆ ఉయ్యాల ఊపులో ఒక ఇంటి ఊపిరంతా వినిపించింది. ఎవరూ లేకపోవడాన్ని ఇంత నిండుగా చూపించిన సినిమా నేను చూడలేదు.”

అవి మేదిని కూర్చుకున్న వాక్యాలు. అక్షరం తేడా లేదు. గొంతు కూడా ఆమెదే. ‘నిండుగా’ అనే మాట ముందు చిన్నగా ఆగడం కూడా ఆమెదే. ముందు వరసలో ఎవరో మెచ్చుకోలుగా ఊఁ అన్నారు. మేదిని తన నోటి మీద చెయ్యి పెట్టి చూసుకుంది. పెదవులు మూసే ఉన్నాయి.

ఆ గొంతు ఇంకా ఆగలేదు. “ఇది నాకు నచ్చింది” అంది. కాసేపాగి, “నాకు నచ్చేవన్నీ ఇలాగే ఉంటాయి” అంది. ఈ వాక్యం మేదిని అనుకున్నది కాదు. ఆ గొంతులో సంతోషం గానీ దుఃఖం గానీ లేవు. బస్టాండులో బస్సుల వేళలు చదివినట్టుంది. ఆ తర్వాత వెనక వైపు ఏ చప్పుడూ లేదు. కుర్చీ కదల్లేదు, చీర రెపరెప లేదు, ఊపిరి లేదు. మేదిని మెడ వెనక మాత్రం చల్లగా ఉంది, ఎవరో తలుపు తీసి ఉంచినట్టు. ఆ హాలుకి వెనక తలుపు లేదు.

అందరూ చెప్పేశారనుకుని సోమలింగం లైటు వెయ్యడానికి లేచినట్టున్నాడు. మాస్టారి గొంతు వినిపించింది.

“కూర్చోవయ్యా. ఇంకొకళ్లు మిగిలారు.”

మేదినికి అనుకున్న మాటలు అయిపోయాయి, వాటిని ఎవరో వాడేశారు. కొత్తవాటి కోసం మనసులో తడుముకుంటే ఏమీ తగల్లేదు. ఉయ్యాలని గుర్తు తెచ్చుకోవాలని చూసింది. అది కుడి వైపు ఉందో ఎడమ వైపు ఉందో కూడా జ్ఞాపకం రాలేదు. ఆమె నోరు తెరిచినప్పుడు వచ్చిన మాటలు ఆమెకే ఆశ్చర్యంగా వినిపించాయి.

“ఆ అమ్మాయి పొయ్యి దగ్గర నిలబడి చల్లన్నం తింటుంది చూశారా, ఎవరైనా వస్తారేమోనని గబగబా. అప్పుడు నాకు లేచి బయటికి వెళ్లిపోవాలనిపించింది. ఎందుకో తెలీదు. ఉయ్యాల నేను సరిగా చూడనే లేదు.”

ఈసారి ఎవరూ ఊఁ అనలేదు. మాస్టారు లైటు వెయ్యమన్నారు.

లైటు వెలగ్గానే మేదిని వెనక్కి తిరిగి చూసింది. బల్లలు పేర్చినవి పేర్చినట్టే ఉన్నాయి. వాటి మీది దుమ్ము కూడా చెదరలేదు. ఆమెతో పాటు ఎవరూ వెనక్కి చూడలేదు, చూడవలసినదేదో ఉన్నట్టు వాళ్లకు అనిపించనే లేదు. మెట్లు దిగుతూ సోమలింగం, ఇవాళ రెండుసార్లు చెప్పావేంటమ్మాయ్, మొదటిది సరిపోయేది కదా, రెండోది కలిపి చెడగొట్టావని అన్నాడు. పద్ధతి తప్పినందుకు మాస్టారు ఆయన వంక చూశారు. సోమలింగం నాలిక కరుచుకున్నాడు. మేదిని మాస్టారిని ఏదో అడగబోతే, ఆయన నల్లగుడ్డల కట్ట ఆమె చేతిలో పెట్టి, వచ్చేసారికి ఉతకాలని గుర్తు చేశారు.

సోమవారం ఆమె ఆ అన్నం తినే దృశ్యం గురించి రాయడానికి కూర్చుంది. నాలుగు ముక్కలు వచ్చాయి. అందంగా లేవు. తర్వాత ఏం రాయాలో తెలియలేదు. కాగితం అలాగే ఉంచి లేచిపోయింది. పత్రికకు ఏమీ పంపలేదు, ఫోన్ కూడా చెయ్యలేదు.

గురువారం పత్రిక వచ్చింది. వాళ్ల నాన్న ఎప్పటిలాగే కత్తెర తీసుకుని కూర్చున్నాడు. ఎప్పుడూ ఉండే చోట, ఆమె పేరుతో, వ్యాసం ఉంది. మొదటి వాక్యం ఉయ్యాల ఊపు గురించి. రెండోది ఎవరూ లేకపోవడం గురించి. ఆ తర్వాత అరపేజీ నిండా ఆమె ఎన్నడూ అనుకోనివి, కానీ అనుకుని ఉండగలిగినవి. ఎక్కడా తడబాటు లేదు. ఈసారి అన్నిటికన్నా బాగా రాశావమ్మా అన్నాడు నాన్న.

మేదిని సంపాదకుడికి ఫోన్ చేసింది. ఆయన కోటేశ్వరం గారు, ఆ పత్రికలోనే తల నెరిసిన మనిషి. ఎప్పటిలాగే మేదినే ఫోన్‌లో చెప్పిందని, తాను విని రాసుకున్నానని అన్నాడు. ఎప్పుడని అడిగింది. ఆదివారం, సరిగ్గా పన్నెండింటికి, భోజనానికి లేవబోతుంటే మోగిందని గుర్తు చేసుకున్నాడు.

“అదేంటమ్మా, మీ గొంతు నాకు తెలీదా? పైగా ఎప్పుడూ చెప్పింది కొట్టేయించి మళ్లీ చెబుతారు. ఈసారి ఎక్కడా ఆగలేదు.”

ఆదివారం పన్నెండింటికి ఆమె హాల్లో, చీకట్లో, నోటి మీద చెయ్యి పెట్టుకుని కూర్చుని ఉంది.

సాయంత్రం ఆ పత్రిక పట్టుకుని మాస్టారింటికి వెళ్లింది. ఆయన వరండాలో గోరుచిక్కుళ్లు తుంచుతున్నారు. చేతులు తుడుచుకుని, కళ్లజోడు పెట్టుకుని, వ్యాసం మొదటి నుంచి చివరి దాకా చదివారు. బాగుందని గానీ బాగులేదని గానీ అనలేదు. మేదిని తాను ఆయన మొహం వంక చూస్తున్నట్టు గమనించుకుని తల తిప్పేసుకుంది. ఇది నేను రాయలేదు మాస్టారూ అంది, వీధి వంక చూస్తూ. ఆయన తెలుసన్నారు. మరి ఎవరని అడిగింది.

“ఆవిడ మనకి కొత్త కాదమ్మా. చాలాకాలం నా గొంతుతో కూడా వచ్చింది.”

ఆయన పత్రికను నాలుగు మడతలు పెట్టి ఆమెకు తిరిగి ఇచ్చారు. గోరుచిక్కుళ్ల పళ్లెం మళ్లీ దగ్గరికి లాక్కున్నారు. ఆమె ఇంకా నిలబడే ఉండటం చూసి అన్నారు.

“పోనీలే. అందరికీ నచ్చేలా చెప్పే పని ఇకనుంచి ఆవిడ చూసుకుంటుంది. నువ్వు ఖాళీయే కదా ఇప్పుడు.”