దారి లేని దీపం

అనగనగా నల్లమల అడవి నడిబొడ్డున ఒక గుహ ఉండేది. గుహ అనగానే పులి అనుకుని దగ్గర దగ్గరగా జరుగుతున్నారు, నాకు కనబడుతూనే ఉంది. పులి గుహ కాదర్రా. ఆటలు తయారయ్యే గుహ. ముందు వరసలో పొడుగువాళ్ళు కాస్త పక్కకు సర్దుకోండి, వెనక చిన్నవాళ్ళకు నా మొహం కనబడకపోతే కథ సగమే వినబడుతుంది.

ఆ గుహలో పట్టపగలు కూడా చీకటే. నూలమ్మ అనే సాలెపురుగు ఈ గోడ నుంచి ఆ గోడ దాకా పెద్ద తెర అల్లేది. తెర నిండా మిణుగురులు వాటి వాటి చోట్లలో కూర్చునేవి. కింద నాలుగు దారాలు వేలాడేవి. ఆడేవాళ్ళు దారం లాగితే తెర మీద ఒక గుంపు ఆరిపోయి, దాని పక్క గుంపు వెలిగేది. అది ఆరిపోయి, ఆ పక్కది వెలిగేది. చూసేవాళ్ళకు మాత్రం ఒక వెలుగు కుందేలు గంతులేసుకుంటూ పోతున్నట్టు ఉండేది. కుడి దారం లాగితే కుడికి, ఎడమ దారం లాగితే ఎడమకి, మిగతా రెండిటితో పైకీ కిందికీ. మీరు ఫోన్ల మీద వేళ్ళతో ఆడే ఆటలున్నాయే, వాటికి ఇది పెద్దమ్మ అనుకోండి.

ఆడాలంటే ఊరికే కాదు. ఒక దొన్నెడు ఇప్పపూలు ఇవ్వాలి. ఎండలో తిరిగి, ఒక్కొక్కటీ ఏరి తెచ్చిన పూలు అవి.

ఆ గుహవాళ్ళకు ఒక ఆచారం ఉంది. శిల్పి విగ్రహం మొత్తం చెక్కి, కళ్ళు ఆఖరున తెరుస్తాడు గదా. అలాగే వీళ్ళు ఏ ఆట అల్లినా, గమ్యం దగ్గర ఒక దీపం పెట్టేవాళ్ళు. ఆ దీపం మాత్రం ఆఖరున వెలగాలి. ముందు కూర్మయ్య తాత అనే తాబేలు వచ్చి, మొదటి నుంచి చివరి దాకా ఆట ఆడి, "చేరానమ్మా" అనాలి. అప్పుడు దీపం. ఆ తరవాతే నూలమ్మ తెర మూలన తన ముడి వేసుకునేది. ఆ ముడి ఉంటే అది నూలమ్మ పని అని అడవంతా కళ్ళు మూసుకుని నమ్మేది.

కూర్మయ్య తాతే ఎందుకు ఆడాలి? అడవిలో అంత నిదానస్తుడు ఇంకొకడు లేడు గనక. పరిగెత్తేవాడు గుంతను దాటేసి పోతాడు. మెల్లగా నడిచేవాడే అందులో కాలు పెడతాడు.

ఆ ఏడు నూలమ్మ అన్నిటికంటే పెద్ద ఆట మొదలుపెట్టింది. వెలుగు కుందేలు ఏరు దాటాలి, ముళ్ళపొద దాటాలి, స్వామి కొండ ఎక్కాలి. కొండ మీద స్వామి దీపం. ఆ కొండ నిజంగానే ఉంది. గుహ బయట నిలబడితే కనబడుతుంది. ఏటా చైత్ర పున్నమి తిరునాళ్ళకు అడవిలో కాళ్ళున్న జీవమంతా ఆ కొండ ఎక్కి దణ్ణం పెట్టుకుని వస్తుంది.

తిరునాళ్ళు దగ్గర పడ్డాయి. ఏరు అయింది. ముళ్ళపొద అయిందనిపించారు. కొండ మాత్రం మొదలే కాలేదు. కొండ ఉండాల్సిన చోట చీకటి.

గుహకు దండోరా వేసే గోరింక ఒకటుంది, పేరు పలుకులమ్మ. అది అప్పటికే కొమ్మ కొమ్మకూ వెళ్ళి, తిరునాళ్ళకు కొత్త ఆట వస్తోందని చెప్పేసి వచ్చింది. కొండ లేకపోయినా ఆట తెరుద్దామని నూలమ్మను అడిగింది. మొదటి రోజు నూలమ్మ కుదరదంది. రెండో రోజు తల తిప్పకుండా అల్లుకుంటూ కూర్చుంది.

మూడో రోజు పలుకులమ్మ చెవి దగ్గరే వాలింది. "పిన్నీ, తిరునాళ్ళు మన కోసం ఆగుతాయా? ఇంత జనం మళ్ళీ ఏడాదికి గానీ రారు. ముందు తెరిచేద్దాం. కొండ సంగతి నెమ్మదిగా చూసుకోవచ్చు. కుందేలు అక్కడి దాకా వెళ్ళేవాళ్ళు ఎందరని?"

నూలమ్మకు పేరంటే ఇష్టం. అంత జనం ముందు తన తెర వెలగడం ఊహించుకుంది. "సరే" అంది.

ఇంకో మాట కూడా అడిగింది పలుకులమ్మ. కొండ లేకపోయినా కొండ మీద దీపం వెలిగిస్తే, గుహ ముంగిట నుంచే కనబడుతుందట, జనం ఆగకుండా వస్తారట. దీపం చోట కూర్చోవలసిన మిణుగురు పేరు మిణుకమ్మ. "కింద మెట్టు లేకుండా నేను పైన ఎట్లా కూర్చునేదే?" అని నొచ్చుకుంది. కానీ నూలమ్మ మాట కాదనలేక వెళ్ళి కూర్చుంది. కూర్మయ్య తాత వచ్చి తాను ఇంకా ఆడలేదే అంటే, తరవాత ఆడుదువు గాని లే తాతా అని పంపేయబోయారు. ఆయన పోలేదు. గుహ మూల తల లోపలికి లాక్కుని కూర్చున్నాడు.

దారి లేదు. దీపం మాత్రం ఉంది. చూశారా, తప్పు ఎక్కడ మొదలైందో?

తిరునాళ్ళ రోజు తెల్లవారగానే గుహ ముందు బారులు తీరారు. దొన్నెలు నిండాయి. మొదట అడవిపంది ఆడాడు. కుందేలు ఏట్లో మునగాల్సింది పోయి నీళ్ళ మీద నడుచుకుంటూ వెళ్ళిపోయింది. పంది పొట్ట పట్టుకుని నవ్వాడు. నూలమ్మా, మీ కుందేలు ఏ యోగి దగ్గర చదువుకుంది అన్నాడు. అందరూ నవ్వారు. పలుకులమ్మ కూడా నవ్వేసింది.

తరవాత నెమలి వచ్చింది. ఆమె కుందేలు ముళ్ళపొదలోకి దూరింది, మరి బయటికి రాలేదు. ఎన్ని దారాలు లాగినా రాలేదు. నెమలి మెడ వంచి పొద వెనక్కి తొంగి చూసింది. అక్కడేమీ లేదు, ఉత్త గోడ. ఈసారి కొందరే నవ్వారు.

మూడోవాడు సింగన్న. సింగన్న ముసలి కొండముచ్చు. వయసులో ఉన్నప్పుడు తిరునాళ్ళకు కొండ మీద దీపం దగ్గరికి అందరికంటే ముందు చేరేవాడు. మూడేళ్ళ కిందట కొమ్మ విరిగి పడి కాలు పోయింది. అప్పటి నుంచి తిరునాళ్ళ నాడు కిందే కూర్చుని, పైకి చూసి దణ్ణం పెట్టుకుంటున్నాడు. ఇప్పపూలు ఏరుకోలేడు గనక, కాలు బాగున్న రోజుల్లో దాచుకున్న తేనెపట్టు ముక్క తెచ్చాడు. అది ఆఖరి ముక్క. ఆకులో చుట్టి నూలమ్మ ముందు పెట్టి, కర్ర పక్కన ఆనించి, దారాలు కళ్ళకద్దుకుని పట్టుకున్నాడు.

ఏరు దాటాడు. పొదను చుట్టి పక్క నుంచి తీసుకుపోయాడు, అనుభవం ఉన్నవాడు గదా. కొండ మొదలుకి వచ్చాడు. పైన దీపం వెలుగుతోంది. సింగన్న పై దారం లాగాడు. కుందేలు ఉన్నచోటే గెంతింది. మళ్ళీ లాగాడు. మళ్ళీ అక్కడే గెంతింది.

"అమ్మా, దారి ఎటు?" అని అడిగాడు.

పలుకులమ్మ గబగబా వచ్చింది. "దారి త్వరలోనే వస్తుంది మామా. అందాకా కింద తిరుగుతూ ఉండండి. కింద కూడా బాగానే ఉంటుంది."

సింగన్న దారాలు మెల్లగా వదిలేశాడు.

"కింద తిరగడానికి నాకు ఒంటి కాలూ కర్రా చాలమ్మా. పైకి ఎక్కలేకే ఇక్కడికి వచ్చాను."

కోప్పడలేదు. తేనెపట్టు వెనక్కి తీసుకోమంటే కూడా, ఉండనివ్వండి, పిల్లలు తింటారు అన్నాడు. కర్ర అందుకుని గుహ ముంగిటి వైపు కదిలాడు. తిట్టి ఉంటే నూలమ్మ తట్టుకునేదేమో. ఆ మాట మాత్రం తట్టుకోలేకపోయింది.

బారులో ఉన్నవాళ్ళు, పోనీలే, ఉన్నంత వరకే ఆడుకుంటాం అన్నారు. ఎలుగుబంటి అయితే దొన్నె ముందుకు తోశాడు కూడా. ఆ ఒక్క క్షణం నూలమ్మ ఊరుకుని ఉంటే ఆ రోజు బ్రహ్మాండంగా గడిచిపోయేది. నూలమ్మ తెర మధ్యకు పాకింది. పైకి చూసి, "మిణుకమ్మా, దిగిరా" అంది.

దీపం ఆరింది. నూలమ్మ బారు వైపు తిరిగింది.

"ఈ ఆట ఇంకా పూర్తి కాలేదు. కాలేదని తెలిసీ మీ దగ్గర పూలు తీసుకున్నాం. పలుకులమ్మ అడిగింది, నిజమే. ఒప్పుకున్నది నేను. ఎవరి దొన్నె వాళ్ళు తీసుకెళ్ళండి. సింగన్నా, నీ తేనె నీ దగ్గరే ఉంచు. నువ్వు ఎక్కిన రోజున ఇద్దువు గాని."

ఆ ఏడు తిరునాళ్ళకు గుహ మూతపడింది.

మర్నాటి నుంచి పని మొదలు. పలుకులమ్మ రెండు రోజులు ఎవరికీ మొహం చూపించలేదు. మూడో రోజు తనంతట తానే వచ్చి, పిన్నీ, నాకు అల్లడం రాదు, రెక్కలైతే ఉన్నాయి అంది. అప్పటి నుంచి రోజూ కొండ మీదికి ఎగిరి వెళ్ళేది. ఏ మలుపులో ఏ బండ ఉందో, ఎక్కడ మెట్లు నిటారుగా ఉన్నాయో చూసి వచ్చి చెప్పేది. దారిలో ఎవరడిగినా, ఆట ఇంకా కాలేదు, అయ్యాక నేనే వచ్చి పిలుస్తాను అనేది. నోరారా గొప్పలు చెప్పిన గోరింకకు ఆ మాట చెప్పడం మొదట్లో చేదుగా ఉండేది. చెప్పగా చెప్పగా మెడ నిటారుగా నిలబెట్టి చెప్పడం అలవాటైంది.

కూర్మయ్య తాత ఆడడం మొదలుపెట్టాడు. ఏరు బాగాలేదన్నాడు. విప్పి మళ్ళీ అల్లారు. పొద బాగాలేదన్నాడు. విప్పి మళ్ళీ అల్లారు. కొండ మీద మూడో మలుపు దగ్గర దారం మెల్లగా లాగితే కుందేలు జారిపోతోందన్నాడు.

నూలమ్మకు అప్పటికే ఎనిమిది కాళ్ళూ లాగేస్తున్నాయి. "తాతా, అక్కడ అంత మెల్లగా ఎవరు లాగుతారు చెప్పు?"

"సింగన్న లాగుతాడమ్మా. చెయ్యి వణుకుతుంది గదా" అన్నాడు కూర్మయ్య.

నూలమ్మ వెంటనే తెర మీదికి పాకింది. మూడో మలుపు మొత్తం విప్పేసింది.

తొలి ఏకాదశి నాడు, బయట సన్నగా తుంపర పడుతుండగా, కూర్మయ్య తాత ఆట మొదలుపెట్టాడు. ఉదయం మొదలుపెట్టినవాడు మధ్యాహ్నానికి కొండ సగం ఎక్కాడు. మిణుగురులు ఊపిరి బిగబట్టి కూర్చున్నాయి. సాయంత్రం కాబోతుండగా తాత తల బయటికి చాచి, "చేరానమ్మా" అన్నాడు. మిణుకమ్మ తన చోటుకి ఎగిరి వెళ్ళి వెలిగింది. ఈసారి ఎవరూ బతిమాలనక్కర్లేకపోయింది.

పలుకులమ్మ ముందు వెళ్ళింది సింగన్న దగ్గరికే. ఆయన రానంటే పట్టు వదలకుండా వెంటపడి తీసుకొచ్చింది. అడవంతా వచ్చి వెనక నిలబడింది. సింగన్న ఏట్లో రెండుసార్లు మునిగాడు, పంది నవ్వాడు, సింగన్న కూడా నవ్వాడు. పొదలో దారి తప్పి, తనంతట తానే కనుక్కుని బయటపడ్డాడు. కొండ మొదలుకి వచ్చాడు. పై దారం మీద చెయ్యి వేసి ఒక్క నిమిషం ఆగాడు. లాగాడు.

కుందేలు ఒక మెట్టు ఎక్కింది.

తరవాత ఇంకొకటి. మూడో మలుపు దగ్గర చెయ్యి వణికింది. కుందేలు జారలేదు. ఆఖరి మెట్టు దాటి కుందేలు దీపం దగ్గరికి చేరగానే, తెర మీద ఉన్న మిణుగురులన్నీ ఒక్కసారిగా వెలిగాయి. ఆ వెలుగులో నల్లమల మొత్తం తెర మీద కనబడింది. వంకలు తిరిగిన ఏరు, చెట్ల తలలు, దూరంగా పొగమంచులో ఇంకో కొండ.

సింగన్న దారాలు వదిలేసి రెండు చేతులూ జోడించాడు. తరవాత నూలమ్మ వైపు తిరిగి అన్నాడు.

"అవునమ్మా. పైనుంచి ఇట్లాగే ఉంటుంది."

నూలమ్మ మూలకు పాకి, ఎనిమిది కాళ్ళతో గట్టిగా బిగించి, తన ముడి వేసుకుంది. అంతకు ముందు ఎన్నో ముడులు వేసింది గాని, ఇలా ఛాతీ ఉప్పొంగడం ఇదే మొదలు. సింగన్న ఆకు విప్పి తేనెపట్టు ఆమె ముందు పెట్టాడు. మిణుగురులన్నిటికీ తలా ఒక చుక్క వచ్చింది. కూర్మయ్య తాతకు రెండు.

మర్నాడు పలుకులమ్మ గుహ ముందు కొమ్మెక్కి దండోరా వేసింది. అద్భుతమనలేదు, మునుపెన్నడూ చూడలేదనలేదు. ఆఖరి దాకా ఉంది, రండి అంది. అంతే. ఆ అడవిలో అంతకంటే గొప్ప మాట లేదని తెలిసినవాళ్ళంతా దొన్నెలు పట్టుకుని వచ్చారు. ఆ గుహ పేరు చెప్పుకుని అడవి ఇప్పటికీ తలెత్తుకు తిరుగుతుంది. పిల్లలూ, మీరూ రేపు ఏదో ఒకటి అల్లుతారు. ఆ కొండ మీద స్వామి మీ చేతుల్లో ఉండు గాక.

నీతి: దారి చివరి దాకా వేసినవాడికే దీపం చూపించి పిలిచే హక్కు ఉంది. కానిదాన్ని కాలేదని చెప్పడం పనివాడికి చిన్నతనం కాదు, అదే అతని పరువు.