చిరిగే కాగితం తలుపు

జపానులో మంచు బాగా పడే ఒక ఊళ్లో పాత ఇళ్లు ఒక్కొక్కటే పడగొట్టేస్తున్నారు. ఉండే మనుషులు లేక కొన్ని, మంచు బరువు మోయలేక కొన్ని. ఇల్లు పోయిన చోట కార్లు నిలుపుకునేవాళ్లు. ఆ సమయంలో ఊరి పెద్ద, అందరికీ పనికొచ్చే ఒక భవనం కట్టించాలనుకున్నాడు. పుట్టిన బిడ్డ పేరు నమోదు చేయించడానికి, పుస్తకాలు చదువుకోవడానికి, ముసలివాళ్లు కాళ్లు చాపుకుని కూర్చోవడానికి, బడి వదిలాక పిల్లలు ఆడుకోవడానికి, అన్నిటికీ అదే. ఆ పని ఒక ఆర్కిటెక్టుకు అప్పజెప్పాడు.

ఆమె చాలాకాలం ఏమీ గీయలేదు. పడగొడుతున్న ఇళ్ల ముందు నిలబడి చూస్తూ ఉండేది. ఒక్కో ఇంటి నుంచి ఒక్కో దూలం అడిగి తీసుకునేది.

కట్టడం పూర్తయి చుట్టూ కట్టిన పరదాలు తీసిన రోజున ఊరు ఊరంతా నిర్ఘాంతపోయింది. అది భవనంలా లేదు. చాలా పెద్ద ఇంటిలా ఉంది.

చూరు ఎంత ముందుకు వచ్చిందంటే, లోపలికి రావాలని లేనివాళ్లు కూడా వానకు తడవకుండా దాని కింద నిలబడవచ్చు. తలుపు దాటగానే దిమ్మిస కొట్టిన మట్టి నేల. దాని చివర ఒక రాయి. రాయి మీద చెప్పులు విడిచి ఎక్కితే చెక్క వసారా, ఆ తర్వాత గడ్డి చాపలు పరిచిన గది. గది మధ్య నిప్పుగుంట, దాని మీద కొక్కేనికి వేలాడే ఇనప కెటిల్. మోసేవి ఉక్కు స్తంభాలే, కానీ అవి కంటికి కనపడవు. కనపడేవన్నీ పాత ఇళ్ల నుంచి తెచ్చిన, పొగకు నల్లబడ్డ దూలాలు. గదికీ గదికీ మధ్య గోడ లేదు. చెక్క చట్రానికి తెల్ల కాగితం అంటించిన జారుడు తలుపులు ఉన్నాయి.

"కౌంటర్ ఏదమ్మా?" అన్నాడు ఊరి పెద్ద.

"ఇంటికి కౌంటర్ ఉంటుందా అండీ?"

"నేను కట్టమన్నది ఆఫీసు."

"ఆఫీసుకు ఎవరూ ఊరికే రారు కదండీ. ఊరికే కూడా రావాలన్నారు మీరు."

"అయితే నేనూ చెప్పులు విడవాలా?"

"మీ ఇంట్లో మీరు చెప్పులతో తిరుగుతారా?"

ఆయన బూటు విప్పాడు. మేజోడు చిరిగి బొటనవేలు బయటికి చూస్తోంది. జనం నవ్వారు. ఒక పాదం వెనక ఇంకో పాదం దాచుకుని, ఆయన మాట మార్చడానికి కాగితం తలుపును తట్టి చూశాడు.

"దీన్ని పిల్లలు ఒక్కరోజు ఉంచరు. చూడ్డానికి అచ్చం కాగితంలాగే ఉండే ప్లాస్టిక్ దొరుకుతోంది. అది వేయించు."

"వద్దండీ."

"ఎందుకని?"

"అది చిరగదు."

తానే తప్పుగా విన్నాననుకుని ఆయన మళ్లీ అడగలేదు.

ఆ దేశంలో గడప దగ్గర అనే మాటలు కొన్ని ఉన్నాయి. సొంత ఇంటి నుంచి బయలుదేరేటప్పుడు "వెళ్ళొస్తాను" అంటారు. తిరిగి వచ్చి "వచ్చేశాను" అంటారు. లోపలున్నవాళ్లు "వచ్చావా" అంటారు. పరాయి ఇంట్లో అడుగు పెట్టేటప్పుడు మాత్రం వేరే మాట. "మీకు అడ్డొస్తున్నాను, మన్నించండి." ఎంత ప్రాణస్నేహితుడి ఇల్లయినా అదే మాట.

ఆర్కిటెక్టు ఆ భవనానికి ఒకే నియమం పెట్టింది. ఇక్కడ ఆ చివరి మాట ఎవరూ అనకూడదు. రాయి పక్కన ఒక ముసలామెను కూర్చోబెట్టారు. ఆమె సొంత ఇల్లు పడగొట్టేశారు. దాని దూలం ఇప్పుడు ఆమె తల మీదే ఉంది. ఎవరు వచ్చినా "వచ్చావా" అనడమే ఆమె పని. ఊరివాళ్లు దాన్ని పెద్దిల్లు అనడం మొదలుపెట్టారు.

అదే ఊళ్లో, మంచు అంటే తెలియని దూరదేశం నుంచి వచ్చిన ఒక తల్లి ఉండేది. భర్త ఫ్యాక్టరీలో పని చేసేవాడు. ఇద్దరు కూతుళ్లు. వాళ్లు అద్దెకున్నది ఇంకా పడగొట్టని ఒక పాత చిన్న ఇల్లు. అందులోనూ వీధి తలుపు లోపల మట్టి నేల, ఒక రాయి, ఆ తర్వాత గదికి కాగితం తలుపు ఉన్నాయి. ఇల్లు అప్పజెప్పేటప్పుడు ఇంటి యజమాని ఆ తలుపు చూపించి, "ఇది జాగ్రత్త" అన్నాడు. అంతకుమించి ఏమీ అనలేదు.

ఆ ఒక్క మాట తల్లికి తిండి సయించనివ్వలేదు. కాగితానికి మూరెడు దూరంలో చాప మీద ఒక ఎర్రదారం పరిచి, దాన్ని దాటొద్దని పిల్లలకు చెప్పింది.

"మనవల్ల ఎవరికీ ఇబ్బంది రాకూడదు. మీరు ఒక్క తప్పు చేస్తే మన దేశం మొత్తం చేసిందంటారు. ఇది మన ఇల్లు కాదు, గుర్తుంచుకోండి."

పెద్దది ఎప్పుడూ దాటలేదు. చిన్నది కాలివేలు మాత్రం దారం అవతల పెట్టి, "నేను దాటలేదు, వేలు దాటింది" అనేది.

పిల్లలు ప్రతిదీ అడగడం నేర్చుకున్నారు. ఇక్కడ కూర్చోవచ్చా? ఆ గ్లాసు తీసుకోవచ్చా? ఒకసారి చిన్నది నోరు రెండు చేతులతో మూసుకుని, "అమ్మా, నవ్వొచ్చా?" అని అడిగింది. ఎంత మర్యాద తెలిసిన పిల్లలో అని తల్లి లోపల్లోపల మురిసిపోయింది.

బడి వదిలాక పిల్లలు పెద్దింటికి వెళ్తున్నారని తెలిసి, ఒకనాడు తల్లి వాళ్లను తీసుకురావడానికి వెళ్లింది.

"వచ్చావా" అంది రాయి పక్కన కూర్చున్న ముసలామె.

తల్లి నడుము దాకా వంగింది. "మీకు అడ్డొస్తున్నాను, మన్నించండి."

"ఇక్కడ ఆ మాట లేదమ్మాయ్."

"అయ్యో, మన్నించండి."

"అదీ లేదు."

తల్లి చెప్పులు విడిచి లోపలికి చూసింది. కాగితం తలుపుల కింది సగం నిండా చిల్లులు. చిల్లులంటే ఇప్పుడు చిల్లులు కావు. ప్రతి చిల్లు మీదా పువ్వు ఆకారంలో కత్తిరించిన తెల్ల కాగితం అంటించారు. పిల్లల చెయ్యి అందేంత ఎత్తున తలుపంతా పూలతోట. ఆ పూల మధ్య చిన్నది కూర్చుని, చూపుడువేలు నాలుకతో తడిపి, కాగితానికి ఆనించి మెల్లగా తిప్పుతోంది. చప్పుడు లేకుండా వేలు అవతలికి దిగిపోయింది.

తల్లి ఒక్క ఉదుటున వెళ్లి ఆ చెయ్యి లాగేసింది. "ఏం చేశావే! ఎవరిదనుకున్నావు ఇది?"

"నాదే" అంది చిన్నది.

ముసలామె నవ్వుతూ జిగురు గిన్నె, కత్తెర తెచ్చింది. "నన్ను పడగొట్టి వెళ్లేట్టున్నావు. కూర్చో. ఇంతమంది పిల్లలు వేలు పెట్టారు, ఇల్లేమీ ఒరిగిపోలేదు."

"నేను బాగు చేస్తాను మామ్మగారూ. దయచేసి నన్ను చేయనివ్వండి."

తల్లి కాగితాన్ని పువ్వులా కత్తిరించలేదు. చట్రంలో గడి ఎంత ఉందో సరిగ్గా అంత ముక్క కోసి, అంచులు కలిసిపోయేలా అంటించి, గోటితో నొక్కి, ముడత లేకుండా చేసింది. చిల్లు ఎక్కడ పడిందో ఎవరూ చెప్పలేరు.

ముసలామె కళ్లు చికిలించి వెతికింది. "ఎంత నేర్పు! అసలు కనపడటం లేదే." గిన్నె పక్కన పెట్టి, "మరి రేపు ఈ పిల్ల వచ్చి తన పువ్వు ఏదంటే ఏం చూపించను?" అంది.

మర్నాడు చిన్నది అడగనే అడిగింది. గడి గడికీ వేలు పెట్టి చూసుకుని, "అందరివీ ఉన్నాయి, నాది లేదు" అని ఇంటికి ఏడుస్తూ వచ్చింది. తల్లి ఇంకా బెదిరిపోయింది. చిల్లు పెట్టినందుకు ఏడవాల్సిన పిల్ల, చిల్లు పోయినందుకు ఏడుస్తోంది.

"ఇక మీరు పెద్దింటికి వెళ్లొద్దు" అంది.

పెద్దది, "సరే అమ్మా" అంది. ఆ పిల్ల ఎప్పుడూ అదే అనేది.

కొన్నాళ్లు గడిచాయి. ఒక సాయంత్రం చిన్నది దారానికి ఇవతల కూర్చుని బొమ్మ గీసుకుంటోంది. తల్లి పొయ్యి దగ్గర ఉంది. వీధి తలుపు జరిగిన చప్పుడైంది. మట్టి నేల మీద ఎవరో మంచు దులుపుకున్నారు. కాగితం తలుపు మీద ఒక నీడ పడి ఆగిపోయింది.

"మీకు అడ్డొస్తున్నాను, మన్నించండి."

ఇరుగుపొరుగు పిల్ల ఎవరో వచ్చిందనుకుంది తల్లి. గబగబా చేతులు తుడుచుకుంది. జుట్టు సవరించుకుంది. పరాయివాళ్ల కోసం ఉంచుకున్న నవ్వు ముఖానికి తెచ్చుకుని, తలుపు జరిపి, నడుము వంచింది.

తల ఎత్తి చూస్తే ఎదురుగా తన పెద్ద కూతురు.

ఆ నవ్వు తల్లి ముఖం మీద అలాగే ఉండిపోయింది. దాన్ని తీసేయడం ఎలాగో ఆమెకు తెలియలేదు. రాయి మీద పిల్ల బూట్లు, చుట్టాలు విడిచినట్టు, ముందువైపు వీధికి తిప్పి, పక్కపక్కనే పొందికగా పెట్టి ఉన్నాయి.

"తప్పు మాట అన్నావే" అంది ఎట్టకేలకు. "అది పరాయి ఇంటికి వెళ్లినప్పుడు అనాల్సింది."

"తెలుసమ్మా."

"తెలిసే అన్నావా?"

"ఇది మన ఇల్లు కాదు కదా. నువ్వు రోజూ చెప్తావు."

వెనక నుంచి చిన్నది తల ఎత్తకుండానే, "అక్క చాలా రోజుల్నుంచి అలాగే అంటోంది. మెల్లగా అంటుంది. నీకు వినపడదు" అంది.

పెద్దది ఇంకా నిలబడే ఉంది. "లోపలికి రావచ్చా అమ్మా?"

తల్లి పక్కకు జరిగి పిల్లకు దారి ఇచ్చింది. తర్వాత చున్నీ తలకు చుట్టుకుని, వీధిలోకి వెళ్లిపోయింది. తన పిల్లల్ని తనకు కాకుండా చేసిన ఆ పెద్దింటితో పోట్లాడాలనుకుంది. దారి పొడవునా ఒక్కో మాటా కూడదీసుకుంది.

"వచ్చావా" అంది నిప్పుగుంట దగ్గర కెటిల్ పట్టుకుని కూర్చున్న ముసలామె.

తల్లి చెప్పులు విడిచి ఆమె ఎదుట కూర్చుంది. "నా పిల్లలకు మీరు ఏం నేర్పారు?"

"నాకు వచ్చిందే ఒక్క మాట తల్లీ. ఇప్పుడు నీతో అన్నదే."

"నా పెద్దది నా గుమ్మంలో నిలబడి, అడ్డొస్తున్నాను మన్నించమంది."

ముసలామె చేతిలో కెటిల్ ఒరిగి నీళ్లు నిప్పుల మీద పడ్డాయి. గదంతా ఆవిరి. "సొంత తల్లి గుమ్మంలోనా?"

"అవును."

"నువ్వేమన్నావు?"

"ఏమీ అనలేదు. ఏమనాలో నాకు తెలియలేదు."

ముసలామె కెటిల్‌ను తిరిగి కొక్కేనికి తగిలించింది. ఆవిరి తగ్గాక, "అయితే ఆ పిల్ల ఇంకా రాయి మీదే నిలబడి ఉందన్నమాట" అంది.

కూడదీసుకున్న పోట్లాట అంతా తల్లి గొంతులోనే చల్లారిపోయింది. లేచి చెప్పులు తొడుక్కుంది. "వెళ్ళొస్తాను" అంది. అది సొంత ఇంటి గడపలో అనే మాటని సగం దారిలో, మంచులో, ఆమెకు తట్టింది. ఉలిక్కిపడి వెనక్కి తిరిగి చూసింది. పెద్దింటి చూరు కింద దీపం వెలుగుతోంది.

ఇంటికి వచ్చి వీధి తలుపు జరిపింది. రాయి ఎక్కి నిలబడింది. కాగితం తలుపు లోపలి వెలుగుతో పసుపుపచ్చగా ఉంది. దాని మీద ఇద్దరు పిల్లల నీడలు. తను పరిచిన దారానికి సరిగ్గా అవతల, కదలకుండా కూర్చున్నారు. తను లేనప్పుడు కూడా.

ఏదో ఒక మాట అనాలి. ఆమె నోటికి సొంత ఇంటి మాటా, పరాయి ఇంటి మాటా వచ్చాయి. రెండూ బయటికి రాలేదు.

చూపుడువేలు నాలుకతో తడిపి, కాగితానికి ఆనించింది. వేలు అవతలికి దిగిపోయింది.

"అక్కా! వేలు!" చిన్నది కెవ్వుమంది.

"ఎవరండీ?" అంది పెద్దది.

"నేనే. వచ్చేశాను."

చిన్నది గుసగుసగా, "అమ్మా, వేలు కడుక్కున్నావా?" అంది.

తల్లి వేలు తీయలేదు. కాసేపటికి చాప మీద ఒక జత కాళ్లు నడిచిన చప్పుడైంది. అవి దారం దగ్గర ఆగాయి. మళ్లీ నడిచాయి. పెద్దదాని నీడ కాగితం నిండా పరుచుకుంది. ఆమె వేలి పక్కనే కాగితం చుక్కంత మేర తడిసి, మెరిసి, చిరిగింది. ఒక చిన్న వేలు బయటికి వచ్చింది.

అది ఆమె వేలి దాకా వచ్చి, ఇంకా తగలకుండా ఆగిపోయింది.

"ముట్టుకోవచ్చా అమ్మా?"

తల్లి రాయి మీద, బయటే నిలబడి ఉంది. అక్కడి నుంచే, లోపలున్న కూతురితో, "వచ్చావా" అంది.