గాలికి తలుపేసిన నఖి

అనగనగా ఒక ఊరు. అది సముద్రానికి ఎంత దగ్గరంటే, అక్కడ చారులో ఎవరూ ఉప్పు వేయరు, గాలే వేసి పోతుంది. నవ్వకే బుజ్జీ, నేను రుచి చూశాను కదా.

ఆ ఊళ్ళో గవరమ్మకి ఒక మనవరాలు పుట్టింది. ఆ పసిది నిద్రపోదు, ఏడుస్తుంది. ఆ ఏడుపుకి చేపలు చెవులు మూసుకుని లంకకి పోయాయి. పిల్ల తల్లి పైడమ్మ కూర్చుని కునికింది, నిలబడి కునికింది, చివరికి పులుసు కలుపుతూ కుండలోకే ఒరిగింది. ఇలాగైతే తన కూతురు మంచం పడుతుందని గవరమ్మకి బెంగ.

నీళ్ళు పోశాక ధూపం వేస్తే పసిపిల్లలు పడుకుంటారు కదా. మొదట సాంబ్రాణి వేసింది. ఆ వాసనని గాలి ఎత్తుకుపోయింది. ఆ తర్వాత గుగ్గిలం వేసింది. అదీ పోయింది. ఆ తర్వాత వట్టివేళ్ళు వేసింది. ఆ పొగకి పక్క ఊరి పిల్లలందరూ నిద్రపోయారు, ఈ పిల్ల తప్ప.

అప్పుడు గవరమ్మ విసిగిపోయి ఒడ్డున కూలబడింది. అక్కడొక సముద్రపు నత్త పాకుతోంది. గాలి విసరగానే అది గుల్లలోకి దూరి, చిన్న మూత టక్కున వేసేసుకుంది. గాలికి తలుపేయడం దీనికి తెలుసే అనుకుని, ఒడ్డున పడున్న ఎండు మూతలు ఒడినిండా ఏరుకొచ్చి నిప్పుల మీద వేసింది.

అమ్మో, ఆ కంపు. పీతలు కొండెక్కాయి. కొబ్బరిచెట్లు అటు తిరిగి నిలబడ్డాయి. పక్కింటి అసిరమ్మ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని వచ్చింది.

"ఏటే గవరమ్మా, జుట్టు గాని కాల్చుకున్నావేటి?"

గవరమ్మ కంగారుపడి, కంపు అణగాలని మిగిలిన సాంబ్రాణి, గుగ్గిలం, వట్టివేళ్ళు అన్నీ దాని మీదే పోసింది. అప్పుడు చూడు తమాషా. కంపు పోయింది. మూడు వాసనలూ చేతులు పట్టుకుని ఉయ్యాల చుట్టూ కూర్చున్నాయి. గాలి వచ్చి లాగింది, అవి కదల్లేదు. పిల్ల ఆవలించింది. రెప్పలు వాల్చింది. ఉయ్యాల తాడు పట్టుకునే పైడమ్మ కూడా ఒరిగిపోయింది.

అసిరమ్మ ఇంకా సణుగుతూనే ఉంది. గవరమ్మ మెల్లగా అంది, "మూసిన ముక్కు తెరువు, తెరిచిన నోరు మూయి. నా తల్లులిద్దరూ తొంగున్నారు."

ఆ మూత అచ్చం గోరులా ఉందని గవరమ్మ దాన్ని గోరు అనే పిలిచింది. ఆ తర్వాత ధూపం సరుకులు కొనే షావుకారు వచ్చి, గోరంటే మరీ నాటుగా ఉందని, ఆ మాటకి పట్టుబట్ట కట్టి 'నఖి' అన్నాడు. నఖమన్నా గోరేలే. ఇప్పుడు అంగట్లో నఖి అని అడిగితే, పాపం, వాళ్ళు గోళ్ళతో తల గోక్కుంటారు.

ఏదీ, నీ చిటికెనవేలి గోరు చూపించు. ఇదిగో, ఇంతే ఉంటుంది. ఇక నీ కళ్ళకి కూడా మూతలు వేసేయ్, గాలి దూరకుండా.

కథ కంచికి,
పొగ మింటికి,
నిద్ర నీ కంటికి.