ఒంటిపూట పడవ

పడవవాళ్ల జీతాలు సగానికి కోసిన దివాను, పొదుపు నేర్పుతానంటూ తనే పడవెక్కి వాళ్లుండే ఏటి నడిమి లంకలోకి దిగాడు. శ్రమ ఒకరిది, నీతిబోధ ఇంకొకరిది!

రెండో తెడ్డువాడితో కలిసి అతన్ని తెచ్చిన పోలయ్య ఇంట్లో, భార్య సన్యాసమ్మ సాయంత్రానికి నీళ్ల జావ కాస్తోంది.

“రెండో పూట కూడా పొయ్యి వెలిగిస్తారా? అదే దుబారా. మనిషికి ఒంటిపూట చాలు,” అన్నాడు దివాను.

సన్యాసమ్మకు ఒళ్లు మండింది. పిల్లల మొహాలు చూసి తమాయించుకుంది.

“మీరు చాలంటే చాలు బాబూ,” అని మండే కట్టెల మీద నీళ్లు చల్లేసింది.

పొద్దు వాలాక దివాను రేవుకొచ్చాడు. పోలయ్య ఒడ్డున వెల్లకిలా పడుకుని ఉన్నాడు.

“లేవరా, పడవ తియ్యి.”

సన్యాసమ్మ అడ్డొచ్చింది. “పొద్దున తిన్న ముద్ద మిమ్మల్ని ఇక్కడికి తేవడానికే సరిపోయింది బాబూ. తిరిగి తీసుకెళ్లే ముద్దనే మీరు దుబారా అన్నారు. రేపు తిన్నాక బయల్దేరతాడు. అందాకా మా చాప మీద పడుకోండి. మీకూ ఈ పూట తిండి ఉండదు లెండి.”

దివానుకు ఈత రాదు. ఆకలి మాత్రం అప్పుడే వచ్చేసింది.

“సరే, పోలయ్యకు పాత జీతమే ఇస్తాను.”

“అతనొక్కడికేనా? అయితే ఆ ఒక్కడూ ఒక్క తెడ్డే వేస్తాడు, పడవ ఉన్నచోటే తిరుగుతుంది. రెండో తెడ్డువాడికి ఈ పూట పస్తే కదా బాబూ.”

చీకటి పడకముందే అందరి జీతాలూ పెరిగాయి.