గోడ మీది దాలమ్మ

అనగా అనగా, సముద్రం పక్కన ఉప్పు పండే ఒక ఊళ్ళో, దాలమ్మ అని ఒక మంత్రసాని ఉండేదమ్మడూ. మంత్రసాని అంటే ఇళ్ళకొచ్చి కాన్పులు చేసే ఆవిడ. ఆ ఊళ్ళో సగం మంది ఆవిడ చేతుల్లోనే మొదటిసారి కేరుమన్నారు.

దాలమ్మకి చదువు రాదు. అయినా ఆవిడ మాటంటే ఊరందరికీ గురి. ఎందుకనుకున్నావు? తెలియనిది తెలుసని ఎన్నడూ అనేది కాదు. "ఇది నా సేతిలో పని గాదు, పెద్దాసుపత్రికి తీసుకుపోండి" అందంటే, ఇంక ఎవరూ ఎదురు ప్రశ్న వేసేవారు కాదు. బండి కట్టేవారు. అలా బతికిన తల్లులు ఎంతమందో.

ఆవిడకి ఒక్కతే చెల్లెలు, పేరు పోలమ్మ. అమ్మ పోతే దాలమ్మే ఎత్తుకుని పెంచింది. ఆ పక్క అక్కని 'అప్ప' అంటారు. పోలమ్మకి పొద్దున లేచింది మొదలు 'అప్పా, అప్పా' తప్ప ఇంకో మాట ఉండేది కాదు.

పోలమ్మది ఉప్పు మళ్ళలో పని. నువ్వు ఉప్పు మడి చూడలేదు కదూ? ఎండ పడిందంటే నేలంతా అద్దం పరిచినట్టు మెరుస్తుంది. ఆ మెరుపులో పొద్దస్తమానం నిలబడితే కళ్ళు భగ్గుమంటాయి, నీళ్ళు కారతాయి. ఆ మళ్ళలో పనిచేసే ఆడామగా అందరివీ ఎర్ర కళ్ళే.

అప్పుడు ఒకరోజు ఊళ్ళోకి నీలం రంగు వ్యాను వచ్చింది. మైకులో పాట. వ్యాను మీద నిండు చందమామంత కన్ను బొమ్మ. 'వెన్నెలకన్ను చుక్కలు, వేస్తే కళ్ళు చల్లన' అని ఒకటే గోల. పిల్లలకి పిప్పరమెంట్లు పంచారు. పెద్దవాళ్ళని బల్ల మీద కూర్చోబెట్టి తలో రెండు చుక్కలు కంట్లో వేశారు.

వేస్తున్నవాడు తెల్లకోటు వేసుకున్నాడు. అతను డాక్టరు కాదమ్మడూ. డాక్టరునని అననూ లేదు. ఊరికే కోటు తొడుక్కున్నాడంతే. మిగతాది జనమే అనుకున్నారు.

దాలమ్మకీ చుక్కలు వేశాడు. ఆ తర్వాత ఎంతో మర్యాదగా, "ఎలా ఉందమ్మా?" అని అడిగాడు.

"సల్లగా ఉంది బాబూ" అంది దాలమ్మ. చల్లగానే ఉంది మరి. ఉన్నమాటే చెప్పింది.

"ఊళ్ళో అందరూ మీ మాటే వింటారటగా. ఈ సీసా పట్టుకుని ఒక్కసారి నవ్వండి, ఫోటో తీసుకుంటాను."

దాలమ్మకి అరవై ఏళ్ళొచ్చాయి, అప్పటిదాకా ఎవ్వరూ ఫోటో తీయలేదు. కొంగు సర్దుకుంది. చెదిరిన జుట్టు అరచేత్తో అణుచుకుంది. ఆ ఫోటో ఎందుకని అడగనే లేదు. సీసా పట్టుకుని, చిన్నపిల్లలా నవ్వింది.

వ్యాను వెళ్ళిపోయింది. నెల తిరక్కుండానే రెండోసారి వచ్చింది. ఈసారి కాగితాలు తెచ్చి గోడగోడకీ అతికించారు. బడి గోడకి, రేషన్ షాపు గోడకి, బస్సు ఆగే చోట. అన్నిటి మీదా దాలమ్మే! గడప తలుపంత దాలమ్మ, చేతిలో సీసా, నోటి నిండా నవ్వు.

"దాని మీద ఏటి రాసినారు?" అని అడిగింది దాలమ్మ.

రేషన్ షాపు నడిపే సింహాచలం గొంతు సవరించుకుని చదివాడు. "నా కళ్ళను కాపాడినది వెన్నెలకన్ను. మీ కళ్ళనూ కాపాడుతుంది. ఇది నా మాట. ఇట్లు, మంత్రసాని దాలమ్మ."

దాలమ్మ గతుక్కుమంది. తన కళ్ళకి ఏ జబ్బూ లేదు. ఆ చుక్కలు ఒక్కసారే వేసుకుంది. తను అన్నది ఒక్కటే, సల్లగా ఉందని. 'నానలాగ అననేదు' అనబోయింది. మాట నోటి దాకా వచ్చింది కూడా.

కానీ చుట్టూ చూస్తే అందరి మొహాలూ వెలిగిపోతున్నాయి. "మన దాలమ్మ పుస్తకంలో బొమ్మలాగ ఉంది" అంటున్నారు. పోలమ్మ అయితే కాగితం మీద అప్ప బుగ్గని చేత్తో తడుముతోంది. అప్పుడు దాలమ్మ నోట్లో మాట నోట్లోనే మింగేసింది. చుక్కలే కదా, ఎవరికేం నష్టం అనుకుంది.

మింగిన ఆ మాటే అమ్మడూ, తర్వాత ఆవిడ గొంతుకి అడ్డం పడింది.

ఆ తర్వాత వానలకి ముందు ఉప్పు పోగులు వేసే రోజులొచ్చాయి. గాలి విసురుకి ఒక ఉప్పు రవ్వ పోలమ్మ కుడికంట్లో గుచ్చుకుంది. నలుపుకుంది. కన్ను మందారంలా అయ్యింది. ఊళ్ళో నర్సమ్మ కరుణ చూసి, "ఇది గీసుకుపోయింది పోలమ్మా. ఆలస్యం చెయ్యకు, పట్నంలో కంటాసుపత్రికి వెళ్ళు" అని చీటీ రాసిచ్చింది.

పోలమ్మ చీటీ మడిచి చూరులో దోపింది. బజారుకెళ్ళి వెన్నెలకన్ను సీసా తెచ్చుకుంది. పక్కింటావిడ అడిగితే, "మా యప్ప సెప్పింది గోడ మీద. అప్ప కన్నా నర్సమ్మకెక్కువ తెలుసా?" అందట.

చుక్క వేస్తే నొప్పి పోయేది. నొప్పి పోతే తగ్గిందనుకునేది. మళ్ళీ నొప్పి వస్తే మళ్ళీ చుక్క. పనిలోకి వెళ్తూనే ఉంది. ఆ రోజుల్లో దాలమ్మ పొరుగూళ్ళో కష్టమైన కాన్పు ఒకటి చూసుకుంటూ అక్కడే ఉండిపోయింది.

మూడు వారాలకి ఊరు చేరి చెల్లెల్ని చూసింది. కంటి నల్లగుడ్డు మీద తెల్లగా పువ్వు వేసేసింది.

"ఒలే, ఈ కన్ను కనబడతందా?"

"మసగ్గా ఉందప్పా. తగ్గుతాది. నీ చుక్కలే వేస్తన్నాను."

నీ చుక్కలు అంది. దాలమ్మ చేతిలో మూట కింద పెట్టను కూడా పెట్టలేదు.

తర్వాతి బస్సుకే చెల్లెల్ని పట్నం తీసుకుపోయింది. కంటాసుపత్రిలో డాక్టరమ్మ లైటు వేసి చాలాసేపు చూసింది. ఆ తర్వాత సీసా అడిగి తీసుకుంది.

"ఇది కన్ను మొద్దుబారేలా చేస్తుందమ్మా, అంతే. నొప్పి తెలియలేదు కాబట్టి మీరు రాలేదు. పుండు లోపలికి పోయింది. దెబ్బ తగిలిన వెంటనే వచ్చి ఉంటే కన్ను దక్కేది."

"మరి ఆ మాట ఆల్లు సెప్పాల కదమ్మా!" అంది దాలమ్మ.

డాక్టరమ్మ సీసా తిప్పి, అడుగున చీమలబారులాంటి అక్షరాలు చూపించింది. "చెప్పారు. 'గాయమైన కంటికి వాడరాదు' అని ఇక్కడ రాశారు. ఎవరూ చదవలేదు."

గోడ మీద అబద్ధం గడప తలుపంత. సీసా మీద నిజం చీమంత.

తిరుగు బస్సులో అప్పాచెల్లెళ్ళు పక్కపక్కనే కూర్చున్నారు. పోలమ్మ కంటికి కట్టు. సగం దారిలో పోలమ్మ మెల్లగా అడిగింది.

"ఎందుకలాగ సెప్పినావు?"

"నాను సెప్పనేదే. సల్లగా ఉందన్నాను. అంతే అన్నాను."

"అననేదని మరెందుకు అననేదు?"

దాలమ్మ చెల్లెలి కంటి కట్టు సర్దబోయింది. పోలమ్మ మొహం కిటికీ వైపు తిప్పుకుంది.

మూడోసారి వ్యాను వచ్చినప్పుడు దాలమ్మ ఎదురెళ్ళి దారికడ్డంగా నిలబడింది. "ఈ బొమ్మ నాది, మాట నాది గాదు! నా సెల్లి కన్ను పోయింది. ఎవరూ కొనకండి!" అని అరిచింది.

తెల్లకోటాయనకి కోపం రాలేదు. నవ్వుతూ దిగి, మైకు పట్టుకుని అందరికీ వినబడేలా అడిగాడు. "పెద్దమ్మా, మందు చల్లగా ఉందని మీరన్నారా లేదా?"

"అన్నాను, కానీ..."

"విన్నారు కదా!" అన్నాడు జనం వైపు తిరిగి. మైకు అతని చేతిలో ఉంది. దాలమ్మ 'కానీ' తర్వాత ఏమందో ముందు వరసలో వాళ్ళకి కూడా వినబడలేదు. పాట పెట్టేశారు.

జనం ఏమన్నారో తెలుసా? "దాలమ్మకి వయసు మీద పడింది." "మొదట బాగుందని, ఇప్పుడు లేదంటది." "ఆల్లతో ఏదో తేడా వచ్చుంటది." ఆవిడ చేతుల్లో పుట్టినవాళ్ళే అన్నారమ్మా ఆ మాటలు. ఎదురుగా నిలబడి ఏడుస్తున్న దాలమ్మ కన్నా, గోడ మీద నవ్వుతున్న దాలమ్మే వాళ్ళకి నిజం అయిపోయింది. ఆమె ముందే సీసాలు కొనుక్కుపోయారు.

అప్పుడు దాలమ్మ తట్టలో సున్నం కలుపుకుంది. బడి గోడ దగ్గర మొదలుపెట్టి, తన మొహం మీద తనే సున్నం పూసుకుంటూ పోయింది. కళ్ళ మీద పూసింది, నవ్వు మీద పూసింది. ఈ ఊరు అయ్యాక పక్క ఊరు. అక్కడ ఒక షాపాయన "మా గోడ పాడుచేస్తావా" అని తట్ట లాగి విసిరేశాడు. చేతులు పొక్కాయి. మళ్ళీ కలుపుకుంది.

సున్నం ఎన్ని గోడలకని పూస్తుంది? వ్యాను దగ్గర కాగితాలు బోలెడు.

ఆ తర్వాత ఒకరోజు నర్సమ్మ కరుణ దగ్గరికెళ్ళి, "తల్లీ, నాకు అక్షరాలు నేర్పు" అంది. ఈ వయసులో ఎందుకని నర్సమ్మ అడిగితే, "ఆ చీమలేటో నానే సదవాల" అంది.

ఏడాది పట్టింది. ఒత్తులు, గుణింతాలు ఓ పట్టాన తలకెక్కలేదు. అయినా వదల్లేదు. చదవడం వచ్చాక ఇంటింటికీ వెళ్ళి డబ్బాలు, సీసాలు తిప్పి చూసేది. "ఇది మంచిదని ఎవరన్నారు? అంటే ఆల్లకేటి వస్తాది? సెప్పకుండా ఏటి దాసినారు?" అని అడిగేది. పిల్లలు వినేవాళ్ళు. పెద్దవాళ్ళు ఆవిడ వస్తోందంటే తలుపు దగ్గరగా వేసుకునేవాళ్ళు. కాన్పులకి పిలవడం కూడా మానేశారు. మాట మార్చే మనిషి చేతిలో బిడ్డని ఎలా పెడతాం అన్నారు.

పోలమ్మ అయితే అప్ప గడప తొక్కలేదు. ఒంటికన్నుతో ఉప్పు మళ్ళకి వెళ్ళేది, వచ్చేది. దారిలో ఎదురైతే పక్కకి తప్పుకునేది.

అలా రెండేళ్ళు గడిచాయి. ఒక సాయంత్రం దాలమ్మ వాకిట్లో చేట పట్టుకుని బియ్యం ఏరుకుంటుంటే, పోలమ్మ వచ్చి నిలబడింది. చేతిలో ఏదో కొత్త టానిక్ సీసా. తన మనవరాలికి జ్వరం తగిలి నీరసంగా ఉందట, టీవీలో చూసి కోడలు తెప్పించిందట.

దాలమ్మ గబుక్కున లేచింది. "రాయే, కూకో" అంది.

పోలమ్మ కూర్చోలేదు. సీసా చాచింది. "నువ్వేటీ సెప్పకు" అంది. "దాని మీద ఉన్నది సదువు."

దాలమ్మ సీసాని వెలుగు వైపు తిప్పుకుంది. వేలు పెట్టుకుని, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ, పై నుంచి అడుగుదాకా చదివింది. ఒక్క మాట వదల్లేదు, తనదంటూ ఒక్క మాట కలపలేదు. పోలమ్మ ఆ ఒక్క కంటితో అప్ప వేలినే చూస్తూ, అంతా విన్నది. విని, సీసా తీసుకుని వెళ్ళిపోయింది.

కంచికెళ్ళే కథనడుగు, ఎవరు చెప్పారు నిన్నని,
ఇంటికొచ్చే మాటనడుగు, ఎందుకొచ్చావు నువ్వని,
అడిగి అడిగి అలసిన కళ్ళకి, నిద్దరనడుగు, రమ్మని.