గుర్రం గొంతులో ఈల

వెనకటికో రాజు యుద్ధానికి బయల్దేరుతున్నాడు. అశ్వవైద్యుడు విరూపాక్షయ్య, రాజు ఎక్కబోయే గుర్రం నిలబడి ఉండగా దాని గొంతుకు చెవి ఆనించి, ఓ శ్లోకం చదివి, "దివ్యంగా ఉంది ప్రభూ!" అన్నాడు.

గడ్డి కోసే నూకాలు పక్కనే ఉంది. పరుగెడితే ఆ గొంతు ఈలవేస్తుందని, ఊపిరాడదని ఆమెకు తెలుసు. యుద్ధంలో అది కూలబడితే రాజు దక్కడు. చెప్పబోతే వైద్యుడు, "గడ్డి మోసేదానివి, నీకేం తెలుసే?" అని కసిరాడు.

"నాకేం తెలుసు అయ్యగారూ! ఆ కమ్మని శ్లోకం బురుజెక్కి చదివితే సైన్యమంతా వింటుంది కదా అని," అంది నూకాలు.

పొంగిపోయి ఆయన గబగబా మెట్లెక్కాడు. పైనుంచి శ్లోకం రాలేదు, రొప్పు వినబడింది.

"నిలబడ్డప్పుడు ఎవరి గొంతైనా బాగానే ఉంటుంది ఏలికా! గుర్రాన్నీ పరుగెత్తించి వినండి," అంది నూకాలు రాజుతో.

పరుగెత్తించారు. ఈల కోటంతా వినబడింది.

వైద్యుడు దిగొచ్చేసరికి రాజు వేరే గుర్రమెక్కి పొలిమేర దాటేశాడు.